రూటు ఎవరిది? – మన ఊరి బస్సులు చేతులు మారిన వైనం

(తృతీయ బి.యస్సీ., భౌతికశాస్త్ర విద్యార్థి)

పూర్ణా మార్కెట్లో వంకాయల గంప తెల్లవారేసరికి మూడు చేతులు మారుతుంది. రైతు దగ్గర నించి కమీషను వ్యాపారికి, అక్కణ్ణించి చిల్లర కొట్టుకి, అక్కణ్ణించి మన హాస్టలు మెస్సుకి. ఇది అందరికీ కనబడే సంగతే. అయితే బస్సు రూటు కూడా ఇలాగే చేతులు మారుతూంటుందని చెబితే మాత్రం మిత్రులు నవ్వుతారు. "బస్సు బస్సే గదా! ఎవడిదైతే మనకేం? సీటు దొరికితే చాలు" అంటారు. ఆ "మనకేం" అన్న మాటకి జవాబు చెబుదామనే ఈ వ్యాసం మొదలుపెట్టాను.

ముందు నా సంగతి ఒక్క ముక్క. కొందరికి స్టాంపులు, కొందరికి క్రికెట్టు స్కోర్లు. నాకు బస్సులు. మాది తగరపువలస అవతల వ్యవసాయ కుటుంబం. రైల్వే స్టేషన్ – తగరపువలస 222 నంబరు బస్సు నాకు చుట్టం లాంటిది. ఇంజను చప్పుడు విని ఏ కంపెనీ బండో చెప్పగలను. హాస్టల్లో నాకు "క్లీనరు" అని పేరు పెట్టారు. పెట్టుకోనివ్వండి. క్లీనరుకి తెలిసినన్ని రోడ్డు సంగతులు ప్రయాణీకులకు తెలియవు.

అసలు రూటు అంటే ఏమిటి? రోడ్డు ప్రభుత్వానిది. బస్సు ఎవరో కొన్నది. ఈ రెండింటి నడుమ కంటికి కనబడని వస్తువు ఒకటుంది. దాని పేరు పర్మిట్టు. ఫలానా చోటు నించి ఫలానా చోటికి, మధ్యలో ఆగుతూ, మనిషి మనిషికీ విడిగా చార్జీ తీసుకుంటూ నడిపేందుకు ఇచ్చే అనుమతి అది. చట్టం భాషలో ఆ బండిని స్టేజి క్యారేజి అంటారు. పెళ్ళివారు మొత్తంగా మాట్లాడుకుని వెళ్ళే బండి ఇంకో రకం, దాని జోలికి ఇప్పుడు పోవద్దు. కాబట్టి ఒక రూటు "ఎవరిది" అని అడిగితే నిజానికి నాలుగు ప్రశ్నలు అడిగినట్టు: పర్మిట్టు ఎవరిది, బండి ఎవరిది, స్టీరింగు పట్టుకున్నవాడికి జీతం ఇచ్చేదెవరు, టిక్కెట్టు డబ్బు చివరికి ఎవరి సంచిలో పడుతుంది? పాతరోజుల్లో ఈ నాలుగింటికీ జవాబు ఒకటే, ఓనరుగారు. ఆర్టీసీ వచ్చాక కూడా జవాబు ఒకటే, ఆర్టీసీ. మన కాలంలో మాత్రం ఈ నాలుగూ నాలుగు దారులు పట్టాయి.

అద్దె బస్సునే చూడండి. పర్మిట్టు ఆర్టీసీది, కండక్టరు ఆర్టీసీ మనిషి, టిక్కెట్టు డబ్బు ఆర్టీసీకి. బండీ, డ్రయివరూ మాత్రం ప్రయివేటు ఓనరువి. రంగు కూడా అదే వేస్తారు గనక మనవాళ్ళు పోల్చలేరు. నేను పోలుస్తాను. ఆర్టీసీ సొంత బండ్ల నంబరు పలకలో జెడ్ అక్షరం చాలాకాలంగా ఆనవాయితీ. అద్దె బండికి మన జిల్లా లారీలకూ కార్లకూ ఉన్నట్టే మామూలు అక్షరాలుంటాయి. రేపు మద్దిలపాలెంలో నుంచున్నప్పుడు చూడండి, ఒక పావుగంట ఇట్టే గడుస్తుంది.

ఇక వెనక్కి వెళదాం. విశాఖ 1953 దాకా మద్రాసు రాష్ట్రంలో ఉండేది. 1939 నాటి మోటారు వాహనాల చట్టం కింద పర్మిట్లు ఇచ్చే అధికారం ప్రాంతీయ రవాణా సంస్థది, అంటే ఆర్.టి.ఏ.ది. పర్మిట్టు కాలం మూడేళ్ళకి తక్కువ కాకుండా, అయిదేళ్ళకి మించకుండా. గడువు తీరగానే మళ్ళీ దరఖాస్తు, మళ్ళీ పోటీ. యుద్ధకాలంలో పెట్రోలు కరువైనప్పుడు బస్సు వెనకాల డ్రమ్ము కట్టి, అందులో బొగ్గు కాల్చి, ఆ గ్యాసుతో ఇంజను నడిపేవారు. గాలి చాలకుండా బొగ్గు మండితే కార్బన్ మోనాక్సైడు వస్తుందని మనం ఇంటర్మీడియట్లో బట్టీ పట్టాం గదా, సరిగ్గా అదే. మా తాత వాళ్ళ నాన్న అలాంటి బస్సు ఎక్కాడట. ఎత్తు వచ్చినచోటల్లా జనం దిగి తొయ్యటమేనట!

ప్రయివేటు బస్సు గురించి మా తాత చెబితే కళ్ళు మెరుస్తాయి. "బస్సు మాకోసం ఆగీదిరా నాయనా, ఇప్పుడు మేం బస్సు కోసం ఆగుతన్నాం" అంటాడు. చేను గట్టు మీద నించి చెయ్యి ఊపితే ఆగేది, గంపలు టాపు మీదకి ఎక్కించేవరకూ నిలబడేది. ఇదంతా నిజమే. అయితే అదే బస్సు నిండేదాకా కదిలేది కాదన్నది కూడా ఆయన చెప్పిన మాటే. జనం లేని రోజున ట్రిప్పు ఎగ్గొట్టేవారు. సంతరోజున మనిషి మీద మనిషిని కుక్కేవారు. పాతది కాబట్టి తియ్యగా ఉంటుంది గాని, ఆస్పత్రికి వెళ్ళాల్సినవాడికి ఆ తీపి అక్కర్లేదు.

విశాఖ రూట్ల చరిత్రలో నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించిన ఘట్టం ఈ కాలానిదే. మా ఇంట్లో విన్నది కాదు, న్యాయశాస్త్ర విద్యార్థి అయిన ఒక మిత్రుడి పుస్తకం తిరగేస్తుంటే కంటబడింది. విశాఖపట్నం కో-ఆపరేటివ్ మోటార్ ట్రాన్స్‌పోర్టు లిమిటెడ్ అని ఒక సహకార సంఘం ఉండేది. ఆ సంఘం బస్సు పర్మిట్టుకి దరఖాస్తు పెట్టింది. పర్మిట్టు ఇచ్చే ఆర్.టి.ఏ.కి అధ్యక్షుడు కలెక్టరు. అడిగే సహకార సంఘానికి అధ్యక్షుడు ఎవరయ్యా అంటే, అదే కలెక్టరు! ఎడమచేత్తో దరఖాస్తు ఇచ్చి కుడిచేత్తో పుచ్చుకున్నట్టయింది. పర్మిట్టు సంఘానికే వచ్చింది. జి. బంగారురాజుతో ఈ సంఘానికి నడిచిన వ్యాజ్యంలో మద్రాసు హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది. ఆ తీర్పు 1953 సంవత్సరపు లా రిపోర్టుల్లో అచ్చయింది. తన తగవుకి తానే తీర్పరి కారాదన్న సహజ న్యాయసూత్రానికి ఉదాహరణగా ఈనాటికీ దేశమంతటా లా కాలేజీల్లో ఈ కేసు చెబుతారు. మన ఊరి బస్సు తగాదా!

ఇందులో గమనించవలసింది ఒకటుంది. కలెక్టరు లంచం తిన్నాడని గాని, సంఘం చెడ్డదని గాని కాదు. అధికారి మంచివాడే కావచ్చు. సహకార సంఘం నడిపితే ప్రయివేటు ఓనరు కన్నా బాగా నడిపేదేమో కూడా. అయినా సరే, రెండు కుర్చీల్లో ఒక్కడే కూచోకూడదన్నారు. నాకు ఇది లాబొరేటరీలో మా లెక్చరరుగారు చెప్పే మాటలా తోచింది. జవాబు సరిగ్గా వచ్చినా పద్ధతి తప్పయితే ప్రయోగం మళ్ళీ చెయ్యాల్సిందే అంటారాయన.

సరే, ఇంతలో కాలం మారింది. తెలంగాణాలో నిజాం ప్రభుత్వ రైల్వే వాళ్ళ రోడ్డు రవాణా శాఖ 1932లోనే 27 బస్సులతో మొదలై, అక్కడ ప్రభుత్వ బస్సు అందరికీ అలవాటైన వస్తువు. ఆంధ్ర జిల్లాల్లో మాత్రం ప్రయివేటు ఓనర్ల రాజ్యం. 1956లో చట్టానికి నాలుగు–ఏ అనే కొత్త అధ్యాయం చేర్చారు. దాని ప్రకారం ప్రభుత్వ రవాణా సంస్థ ఒక స్కీము తయారుచేసి ఫలానా రూట్లు నేనే నడుపుతానని ప్రకటించవచ్చు. ముప్ఫయి రోజుల్లో అభ్యంతరాలు చెప్పుకోవాలి. విచారణ జరిపి ప్రభుత్వం ఆమోదిస్తే ప్రయివేటు పర్మిట్లు రద్దు. దీన్నే మనవాళ్ళు "రూటు జాతీయం చేశారు" అంటారు. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ పుట్టింది. పుట్టీ పుట్టగానే కృష్ణాజిల్లా బస్సుల మీద చెయ్యి వేసింది.

అక్కడి ఓనర్లు ఊరుకుంటారా? గుళ్ళపల్లి నాగేశ్వరరావు, మరికొందరు సుప్రీంకోర్టుకెక్కారు. స్కీము మీద అభ్యంతరాలు విన్నది రవాణా శాఖ చూసే కార్యదర్శి. ఆమోదిస్తూ ఉత్తర్వు ఇచ్చింది ముఖ్యమంత్రి. ఓనర్లు అన్నదేమిటంటే, మా మొర విన్నవాడు ఒకడు, తీర్పు చెప్పినవాడు మరొకడు, పైగా విన్నవాడు స్కీము పెట్టిన శాఖవాడే. 1958 నవంబరులో సుప్రీంకోర్టు ఓనర్ల వాదం ఒప్పుకుంది. అయిదుగురు జడ్జీల్లో ఇద్దరు ఒప్పుకోలేదు గాని, మెజారిటీ తీర్పు రాసింది మన తెలుగువాడైన కోకా సుబ్బారావుగారు. ఒకరు విని వేరొకరు నిర్ణయిస్తే ఆ వినటం వట్టి తంతు అయిపోతుందన్నది ఆ తీర్పు సారం. తరువాత ముఖ్యమంత్రే స్వయంగా కూచుని అభ్యంతరాలు విన్నారు. ఓనర్లు మళ్ళీ కోర్టుకి వెళ్ళారు, ఈసారి 1959లో ఆ విచారణ చెల్లుతుందన్నారు. విశాఖ కేసూ, కృష్ణా కేసూ పక్కపక్కన పెట్టి చూస్తే, బస్సు రూట్ల కోసం మన తెలుగువాళ్ళు పెట్టుకున్న తగాదాలు దేశానికి ఎంత చట్టం నేర్పాయో అనిపిస్తుంది.

రూటు పోగొట్టుకున్న ఓనరుకి నష్టపరిహారం ఎంతో తెలుసా? పర్మిట్టులో మిగిలిన ప్రతి నెలకీ 200 రూపాయలు. మొత్తం మీద 400కి తగ్గకూడదు. బస్సుకి కాదు సుమండీ, కేవలం పర్మిట్టుకి. 1988లో కొత్త మోటారు వాహనాల చట్టం రాసినప్పుడు కూడా ఆ 200 అంకె అలాగే ఉంచారు. ఈమధ్యలో వంకాయ ధర ఎన్నిసార్లు మారిందో పూర్ణా మార్కెట్లో అడగండి!

ఇంతవరకూ ఓనరు గొడవ, ప్రభుత్వం గొడవ. మరి ఎక్కేవాడి గొడవ? ఇక్కడే అసలు కిటుకు ఉంది. టిక్కెట్టు డబ్బు ఎవరిదో, బస్సు వాళ్ళ కోసం ఆగుతుంది. దీన్ని కొంచెం లెక్కవేసి చూపిస్తాను, ఫిజిక్సు వాడిని కదా, ఓపిక పట్టండి. జనంతో కలిపి 12 టన్నుల బస్సు గంటకి 36 కిలోమీటర్ల వేగంతో, అనగా సెకనుకి 10 మీటర్లతో పోతోందనుకుందాం. దాని గతిశక్తి 6 లక్షల జౌళ్ళు. బ్రేకు వేస్తే అదంతా వేడయిపోతుంది, మళ్ళీ ఆ వేగం అందుకోవాలంటే మళ్ళీ అంత శక్తి కావాలి. లీటరు డీజిల్లో ఉన్న శక్తిలో చక్రాలదాకా చేరేది మూడోవంతు అనుకుంటే, ఒక్కసారి ఆగి బయల్దేరటానికి దరిదాపు 50 మిల్లీలీటర్ల డీజిలు ఖర్చు. చిన్న టీ గ్లాసుడు. చెయ్యి ఊపిన ప్రతివాడూ బస్సుకి ఒక టీ గ్లాసు డీజిలు ఖర్చు పెట్టిస్తున్నాడన్నమాట.

పాత ఓనరుకి ఆ టీ గ్లాసు కన్నా మా తాత టిక్కెట్టూ, గంప చార్జీ ఎక్కువ. అందుకే ఆగాడు, ప్రేమ వల్ల కాదు. రాత్రిపూట ఇద్దరి కోసం ట్రిప్పు వేస్తే నష్టం, అందుకే ఎగ్గొట్టాడు, కక్ష వల్ల కాదు. ఆర్టీసీ లెక్క వేరు. ఒక రూటులో పోగొట్టుకున్నది ఇంకో రూటులో పూడ్చుకోవచ్చు గనక జనం తక్కువున్న ఊరికి కూడా బండి వేయగలదు. స్టూడెంటు పాసు అనేది అలా పుట్టిన సుఖమే. రూటుకో ఓనరున్న రోజుల్లో, ఒక పాసు పట్టుకుని సింహాచలం బస్సూ, భీమిలి బస్సూ రెండూ ఎక్కి తిరగటం ఊహించండి! మనం రోజూ జేబులో పెట్టుకు తిరిగే ఆ అట్టముక్క వెనకాల, అన్ని రూట్లూ ఒక్క చేతి కిందికి రావటమనే పెద్ద కథ ఉంది. 2025 ఆగస్టు 15 నించి పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ వంటి సర్వీసుల్లో ఆడవాళ్ళకి ఉచిత ప్రయాణం పెట్టగలగటానికీ ఇదే ఆధారం.

ఇక కిలోమీటరు లెక్కన డబ్బు తీసుకునే బండి సంగతి. అద్దె బస్సు ఓనరుకి కిలోమీటరుకింత అని ముడుతుంది. బస్సులో పదిమంది ఉన్నా వందమంది ఉన్నా ఆయనకి ఒకటే. ఆయన దృష్టిలో ప్రతి ఆగుడూ ఒక టీ గ్లాసు నష్టం, లాభం సున్నా. తప్పు మనిషిలో లేదు, కాంట్రాక్టులో ఉంది. కండక్టరు ఆర్టీసీ మనిషి గనక, ఆయన గంట కొడతాడు గనక, బండి ఆగుతోంది. బండి ఒకరిది, గంట ఒకరిది! ఈ ఏర్పాటు చెడ్డదని నేననను. కొత్త బండ్లు కొనటానికి సంస్థ దగ్గర డబ్బు లేనప్పుడు బస్సు అసలు లేకపోవటం కన్నా అద్దె బస్సు వేయిరెట్లు నయం. కాని గంట ఎవరి చేతిలో ఉందో చూసుకోవటం మాత్రం అవసరం.

లండన్లో కూడా ఇలాంటిదే జరిగింది. 1985 నించి అక్కడ రూట్లను ఒక్కొక్కటిగా టెండరుకి పెట్టటం మొదలుపెట్టారు. ఒక రాత్రి తెల్లవారేసరికి ఒక రూటు ఒక కంపెనీ నించి ఇంకో కంపెనీకి వెళ్ళిపోతుంది. నంబరు అదే, ఎర్రరంగు అదే, ప్రక్కన చిన్న అక్షరాల్లో కంపెనీ పేరు మాత్రం మారుతుంది. నాబోటి పిచ్చివాళ్ళు అక్కడ ఆఖరి ట్రిప్పు ఎక్కటానికి కెమెరాలతో వస్తారట. అయితే ఎక్కడ ఆగాలి, ఎన్నింటికి రావాలి, చార్జీ ఎంత అనేవి నగర రవాణా సంస్థే రాసి ఇస్తుంది. లండను బయట 1986 అక్టోబరులో ఆ పట్టు కూడా వదిలేశారు, ఎవరికి తోచిన రూటు వాళ్ళు నడుపుకోవచ్చన్నారు. ఒకే దేశంలో ఒకేసారి రెండు రకాల ప్రయోగాలు జరిగాయన్నమాట.

మన దగ్గర ఈమధ్య జరిగిన మార్పులు కూడా తక్కువేమీ కాదు. 2020 జనవరి 1న ఆర్టీసీ ఉద్యోగులంతా ప్రభుత్వ ఉద్యోగులయ్యారు, ప్రజారవాణా శాఖ కిందికి వచ్చారు. బస్సులు మాత్రం సంస్థవిగానే ఉన్నాయి. అంటే డ్రయివరు గారి యజమాని మారాడు, ఆయన చేతిలోని స్టీరింగు యజమాని మారలేదు! 2022లో తిరుపతిలో ప్రయివేటు సంస్థ సమకూర్చిన ఎలక్ట్రిక్ బస్సులు ఆర్టీసీ తరఫున తిరగటం మొదలెట్టాయి. 2023 ఆగస్టులో కేంద్రం పి.ఎం. ఈ-బస్ సేవా అనే పథకం కింద దేశంలోని నగరాలకి 10,000 ఎలక్ట్రిక్ బస్సులు మంజూరు చేసింది. అందులో విశాఖ పేరూ ఉంది. అక్కడా చెల్లింపు కిలోమీటరు లెక్కనే.

ఎలక్ట్రిక్ బస్సు అంటే నాకు చెప్పలేని ఇష్టం. బ్రేకు వేసినప్పుడు మోటారే జనరేటరై, వేడిగా పోయే శక్తిలో కొంత బ్యాటరీకి తిరిగి పంపిస్తుంది. నేను చెప్పిన టీ గ్లాసులో కొంత మళ్ళీ కేటిల్లోకి పోసినట్టు. ఆగటం చౌక అవుతుంది. కాని దానికి టాపు మీద గంపలు పెట్టే చోటు లేదు, వెనక నిచ్చెన లేదు. మా ఊరి నించి కూరగాయలు ఇప్పటికే ఆటోల్లోనూ, చిన్న వ్యానుల్లోనూ వస్తున్నాయి. రెండు గంపలున్న రైతు ఆటో ఒక్కడూ మాట్లాడుకోలేడు, అయిదుగురు కలిసేదాకా ఆగాలి. అప్పటికి మార్కెట్లో ధర దిగిపోతుంది. తెల్లవారుజాము నాలుగు గంటలకి వచ్చిన గంపకీ, ఆరు గంటలకి వచ్చిన గంపకీ తేడా ఎంతో మా నాన్ననే కాదు, పూర్ణా మార్కెట్లో ఏ కళాసీని అడిగినా చెబుతాడు.

ఇప్పుడు చట్టం దగ్గరికి మళ్ళీ రండి, ఒక చిత్రం చూపిస్తాను. 1956లో స్కీము మీద అభ్యంతరం చెప్పే హక్కు "స్కీము వల్ల బాధపడే ఎవరికైనా" అన్నారు. 1969 సవరణలో దాన్ని కుదించి, రూటులో ఇప్పటికే బండి నడిపేవాళ్ళు, ప్రభుత్వం గుర్తించిన సంఘాలు, స్థానిక సంస్థలు, పోలీసువారు అని నాలుగు గడులు గీశారు. మా తాత ఆ గడుల్లో దేనిలోనూ పట్టడు. 1988 చట్టంలో, అంటే 1989 జూలై నించి అమల్లోకి వచ్చిన దానిలో, మళ్ళీ తలుపు బార్లా తీశారు. నూరో సెక్షను చూడండి: గెజిట్టులో ప్రతిపాదన పడిన ముప్ఫయి రోజుల్లోగా "ఏ వ్యక్తి అయినా" అభ్యంతరం దాఖలు చేయవచ్చు. ప్రాంతీయ భాషా పత్రికలో కూడా ప్రకటించాలి. ఏడాదిలోగా ఆమోదం ప్రకటించకపోతే ప్రతిపాదన దానంతటదే పడిపోతుంది.

చిత్రం ఏమిటంటే, తలుపు తీసేసరికి దారి మారిపోయింది. ఇప్పుడు రూట్లు స్కీముల ద్వారా చేతులు మారటం తక్కువ, టెండర్ల ద్వారా మారటం ఎక్కువ. పర్మిట్టు ఆర్టీసీ పేరునే ఉంటుంది, అడుగున బండీ డ్రయివరూ మారిపోతాయి. టెండరుకి గెజిట్టు అక్కర్లేదు, ముప్ఫయి రోజుల గడువు అక్కర్లేదు, మా నాన్నని పిలిచి వినక్కర్లేదు. కృష్ణాజిల్లా ఓనర్లకి కోర్టు ఇప్పించిన విచారణ, పర్మిట్టు ఉన్నవాడికి దక్కింది. గంప ఉన్నవాడికి ఎప్పుడూ దక్కలేదు.

అందుచేత నా కోరిక ఇంతే. టెండరు కాగితంలో కిలోమీటరు రేటు రాసే చోటే మరికొన్ని గీతలు రాయమనాలి. మొదటి ట్రిప్పు ఎన్నింటికి బయల్దేరాలి, తప్పితే కోత ఎంత, ఏయే స్టాపుల్లో ఆగి తీరాలి, స్టూడెంటు పాసు చెల్లుతుందా, తెల్లవారుజాము బండిలో వెనక సీట్లు రెండు తీసి గంపలకి చోటిస్తారా? వినటానికి చిన్నవే గాని, ఒకసారి సంతకాలు పడ్డాక కాంట్రాక్టు ముగిసేదాకా వీటిని ఎవరూ మార్చలేరు. మన యూనియన్ వారు సంవత్సరానికోసారి బస్‌పాస్ కౌంటరు గురించి మెమోరాండం ఇస్తూనే ఉంటారు గదా, ఈసారి దానికి ఇంకో పేజీ జతచేస్తే బాగుంటుంది. రాయటానికి నేను సిద్ధం. రూట్ల నంబర్లు, స్టాపుల పేర్లు, తెల్లవారుజాము ట్రిప్పుల టైములు ఒక నోటుబుక్కులో రాసిపెట్టుకున్నాను. తగరపువలస వైపువి పూర్తయ్యాయి, అనకాపల్లి, పెందుర్తి వైపువి ఇంకా కావాలి. ఆ వైపు మిత్రులు తమ ఊరికి మొదటి బస్సు ఎన్నింటికి వస్తుందో ఒక చీటీ మీద రాసి ఇస్తే చాలు.